కూనకు లంఖణాలు వద్దు

చిత్త కార్తె అక్టోబరు రెండో వారంలో మొదలవుతుంది. కుక్కలు జతకట్టే కార్తెగా మన పల్లెల్లో దానికి పేరు. కుక్క చూలు కాలం సుమారు 63 రోజులు. లెక్క వేసుకుంటే చాలా కాన్పులు డిసెంబరు నడుమకు వస్తాయి. అంటే వీధుల్లో పుట్టే కూనలు ధనుర్మాసం చలిలో కళ్లు తెరుస్తాయి. ఇసుక కుప్పల పక్కన, అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో, ఎవరో పారేసిన గోనెసంచుల మీద. అదే రోజుల్లో పిల్లలకు సంక్రాంతి సెలవులు. ఆ కూనల్లో ఒకటి ఎవరో ఒకరి చేతుల్లో ఇల్లు చేరుతుంది. ఆకలిగా ఉందని గిన్నెడు ప్యాకెట్ పాలు పోస్తారు. అది గటగటా తాగేస్తుంది. తెల్లారేసరికి గచ్చంతా పసుపుపచ్చని నీళ్లు.

ఇక ఇంట్లో సలహాలు మొదలవుతాయి. నీరసపడింది, ఇంకో గిన్నె పాలు పోయమంటారు ఒకరు. ఒక పూట కడుపు మాడిస్తే అదే సర్దుకుంటుందంటారు ఇంకొకరు. లంఖణం పరమౌషధమన్న మాట మన ఇళ్లలో అంత బలంగా నాటుకుపోయింది. ఒంట్లో నిల్వలున్న పెద్దవాళ్లకు ఒక పూట పస్తు పెద్ద లెక్కలోది కాదు. పెద్ద కుక్క కూడా ఒక రోజు తినకుండా తట్టుకుంటుంది. నెల నిండని కూన తట్టుకోలేదు. కడుపు పాడైనప్పుడు దానికి తిండి ఆపకూడదు. పెట్టేది మార్చాలి, కొలత తగ్గించాలి, వేళలు పెంచాలి.

పస్తు ఎందుకు కుదరదు?

మనం రాత్రి భోంచేసి పడుకుంటే తెల్లారేదాకా శరీరం కాలేయంలో దాచుకున్న చక్కెరతో నడుస్తుంది. కూన కాలేయంలో ఆ నిల్వ బహు తక్కువ. ఒంటి మీద కొవ్వూ ఉండదు. కొన్ని గంటలు పాలు అందకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది. ముందు మత్తుగా పడుకుంటుంది, తర్వాత తూలుతుంది, వణుకుతుంది, చివరికి ఫిట్స్ వస్తాయి. అప్పుడే పుట్టిన కూన ఒంట్లో నాలుగింట మూడు వంతులకు పైగా నీరే. విరేచనాలతో ఆ నీరు పోవడం మొదలైతే ఒక పూటలోనే కళ్లు లోతుకు పోతాయి.

పస్తు పెట్టడం పశువైద్యంలోనూ చాలాకాలం అలవాటుగా ఉండేది. పార్వో వైరస్ సోకి వాంతులు, రక్త విరేచనాలతో వచ్చే కుక్కపిల్లలకు వాంతులు ఆగేదాకా నోటి నుంచి ఏమీ ఇచ్చేవారు కాదు. 2003లో దక్షిణాఫ్రికా పశువైద్యులు అలాంటి 30 కుక్కపిల్లలను రెండు జట్లుగా చేసి చూశారు. ఒక జట్టుకు పాత పద్ధతి. రెండో జట్టుకు ఆసుపత్రిలో చేరిన 12 గంటల నుంచే, వాంతులు ఇంకా అవుతుండగానే, ముక్కు గుండా వేసిన సన్నటి గొట్టంతో కొద్దికొద్దిగా ఆహారం. తిండి అందినవి దాదాపు ఒక రోజు ముందుగా తేరుకున్నాయి, బరువూ పెరిగాయి. కారణం పేగుల్లోనే ఉంది. పేగు లోపలి పొర కణాలు లోపలికి వచ్చే ఆహారం నుంచే తమ పోషణ తీసుకుంటాయి. పేగును ఖాళీగా ఉంచితే ఆ పొర ఇంకా పల్చబడి, లోపలి బ్యాక్టీరియా రక్తంలోకి దూరే దారి తెరుచుకుంటుంది. గొట్టం వేయడం ఆసుపత్రి పని, ఇంట్లో చేసేది కాదు. కానీ ఆ పరిశీలన చెప్పిన సంగతి ఇంటికీ వర్తిస్తుంది.

ముందు ఒళ్లు వెచ్చబడాలి

తిండి ఆపొద్దన్నాను కదా అని చల్లబడ్డ కూన నోట్లో పాలు పోస్తే అదీ ప్రమాదమే. మొదటి వారంలో కూనకు వణికి వేడి పుట్టించుకునే శక్తి ఉండదు. ఆ వయసులో దాని ఒంటి వేడి 35 నుంచి 37 డిగ్రీల సెల్సియస్. 35 కంటే తగ్గితే పేగుల కదలిక మందగిస్తుంది. పట్టిన పాలు అరగక కడుపులోనే పులుస్తాయి, పొట్ట ఉబ్బుతుంది, పాలు వెనక్కి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

అందుకే ముందు నోట్లో వేలు పెట్టి చూడాలి. నోరు చల్లగా తగిలితే పాలు పక్కన పెట్టి, వేడినీళ్ల సీసాకు మందపాటి తువ్వాలు చుట్టి దాని పక్కన పడుకోబెట్టాలి. లేదంటే మన ఒంటికి ఆనించి శాలువా కప్పుకోవాలి. ఒక్కసారిగా కాదు, గంటో రెండు గంటలో పట్టేలా నెమ్మదిగా వెచ్చబెట్టాలి. వేడినీళ్లలో ముంచడం, హీటరు ముందు పెట్టడం రెండూ తప్పే. మరీ వేలాడిపోతుంటే ఈ లోపు చిక్కటి చక్కెర నీళ్లో గ్లూకోజో ఒక చుక్క వేలికి రాసుకుని చిగుళ్లకు పూయాలి. మింగలేని స్థితిలో ఉన్నా చిగుళ్ల గుండా కొంత లోపలికి చేరుతుంది. కూన తల ఎత్తి వేలిని వెతుక్కుంటూ చప్పరించడం మొదలుపెట్టాకే నీళ్లు. నీళ్లు నిలిచాకే పాలు.

పాల లెక్క

కుక్క పాలు చిక్కన. వంద మిల్లీలీటర్లలో ఇంచుమించు 9 గ్రాముల కొవ్వు, 7 నుంచి 8 గ్రాముల ప్రోటీన్ ఉంటాయి. పాలచక్కెర, అదే లాక్టోజ్, సుమారు మూడున్నర గ్రాములే. ఆవు పాలలో కొవ్వు 4, ప్రోటీన్ 3.3, లాక్టోజ్ 4.8 గ్రాముల దాకా. ఇళ్లకు వచ్చే టోన్డ్ పాల ప్యాకెట్‌లో కొవ్వు 3 శాతమే.

ఇప్పుడు 300 గ్రాముల కూనను తీసుకుందాం. దానికి రోజుకు 60 కేలరీలైనా కావాలి. తల్లి పాలైతే 45 మిల్లీలీటర్లతో ఆ అవసరం తీరుతుంది. ఆవు పాలైతే 90 మిల్లీలీటర్లు పైనే పట్టాలి. అంటే కడుపులోకి పోయే లాక్టోజ్ ఒకటిన్నర గ్రాముల నుంచి నాలుగు గ్రాములు దాటుతుంది. ఇంత చక్కెరను అరిగించే ఎంజైము ఆ చిన్న పేగులో చాలదు. అరగని లాక్టోజ్ పెద్దపేగులోకి దిగి నీటిని తన వైపు లాక్కుంటుంది. తెల్లారి గచ్చు మీద కనిపించే నీళ్లు అవే.

దీనికి మందు అనుకుని చాలామంది పాలలో సగానికి సగం నీళ్లు కలుపుతారు. నీళ్లపాలు పోసినకొద్దీ బలం సగమవుతుంది, కూన మరింత ఆకలితో ఏడుస్తుంది, మరిన్ని పాలు పోస్తారు. మేకపాలు మంచివన్న మాటా బాగా వినిపిస్తుంది. లాక్టోజ్ విషయంలో మేకపాలకూ ఆవుపాలకూ పెద్ద తేడా లేదు. గేదెపాలలో కొవ్వు ఎక్కువే గానీ లాక్టోజ్ తగ్గదు. పెద్ద ఊళ్లలో పెట్ షాపుల్లో, కొన్ని మందుల దుకాణాల్లో కుక్కకూనల పాలపొడి దొరుకుతుంది. అది తల్లి పాలను పోలి ఉండేలా తయారుచేసినది. తల్లి లేని కూనకు అదే పట్టాలి. డబ్బా మీద రాసిన కొలత ప్రకారమే కలపాలి, చిక్కన చేస్తే అదీ విరేచనాలకు దారే.

పాలపొడి సరైనదే అయినా మోతాదు మించితే కడుపు పాడవుతుంది. చేతి మీద పెరిగే కూనల్లో విరేచనాలకు మొదటి కారణం ఇదే. వంద గ్రాముల బరువుకు నాలుగు మిల్లీలీటర్లు, అంతే ఆ పొట్టలో పట్టేది. మన 300 గ్రాముల కూనకు పూటకు 12 మిల్లీలీటర్లు, రెండున్నర టీస్పూన్ల లోపు. గిన్నెడు పాలు ఎక్కడ, రెండున్నర చెంచాలు ఎక్కడ? మొదటి వారం రెండు మూడు గంటలకోసారి, తర్వాత మూడు నాలుగు గంటలకోసారి పట్టాలి, అర్ధరాత్రి కూడా. చేయగలిగినవాళ్లే కూనను ఇంటికి తెచ్చుకోవాలని నేను గట్టిగా చెబుతాను. తల్లి బతికి ఉండి దగ్గరే తిరుగుతుంటే అసలు తేనే కూడదు. ఆ తల్లికి రెండు పూటలా కడుపునిండా అన్నం, కోడిమాంసం ముక్కలు, తాగడానికి నీళ్లు పెట్టండి. కూనలకు అంతకంటే మంచి పాలు మనం కలపలేం. ఎనిమిది వారాలు నిండేదాకా కూన చోటు తల్లి పక్కే.

పట్టే తీరు

మా కాలనీలో తల్లిలేని కూనలను సాకే ఒకావిడ ఉన్నారు. చలికాలం వచ్చిందంటే చుట్టుపక్కల పిల్లలంతా ఆవిడ గుమ్మం ముందే. నేను అక్కడ ఉన్నప్పుడు ఒక కుర్రాడు అట్టపెట్టెతో వచ్చాడు.

"ఆంటీ, నిన్న తెచ్చుకున్నాం. పాలు మొత్తం తాగేసింది. పొద్దున్నుంచి ఒకటే మోషన్స్."

"మొత్తం తాగిందా నాన్నా, అదే తంటా. ఇలా ఇవ్వు."

ముందు నోట్లో వేలు పెట్టి చూశారు. తర్వాత స్టీలు డబ్బాలో పాత బనీను పరిచి, కూనను అందులో ఉంచి వంటింటి కాటా మీద తూచారు. అంకె, తేదీ గోడ క్యాలెండరు మీద రాసుకున్నారు. ఆరోగ్యంగా ఉన్న కూన బరువు రోజురోజుకూ పెరగాలి, ఎనిమిది పది రోజుల వయసుకి పుట్టినప్పటి బరువుకు రెట్టింపు కావాలి. ఒక రోజు పెరగకపోయినా ఏదో తేడా ఉన్నట్టేనని, కళ్లకు కనిపించనిది కాటా చెబుతుందని ఆవిడ అన్నారు.

సూది తీసేసిన సిరంజిలోకి గోరువెచ్చని పాలు ఎక్కించి, ముంజేతి మీద ఒక చుక్క వేసుకుని చూసుకున్నారు. కూనను వెల్లకిలా పడుకోబెట్టలేదు. తువ్వాలు చుట్ట మీద ముందుకాళ్లు ఆనేలా బోర్లా ఉంచారు, తల్లి దగ్గర తాగే తీరుగానే. పసిబిడ్డను ఒళ్లో పడుకోబెట్టినట్టు పట్టి పాలు పోస్తే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అలా వచ్చే న్యుమోనియాతో చనిపోయే కూనలు చాలా ఎక్కువ. సిరంజి మొన నోటి పక్కగా పెట్టి, ఒక్కో చుక్క నాలుక మీద పడేలా నొక్కి, గుటక పడ్డాక తర్వాతి చుక్క. కూన ఇంకా వెతుక్కుంటుండగానే సిరంజి పక్కన పెట్టేశారు. "ఇంకా అడుగుతోంది కదా ఆంటీ" అన్నాడు కుర్రాడు. "అడుగుతుంది నాన్నా. గంటన్నరకి మళ్లీ పడదాం" అన్నారు. కడుపు పాడైన కూనకు ఎప్పుడూ ఇచ్చేదాంట్లో కొంత తగ్గించి, వేళలు దగ్గర చేస్తారావిడ. భుజానికి ఆనించి వీపు నిమిరి తేన్పు తెప్పించాక, గోరువెచ్చని నీళ్లలో తడిపిన దూదితో తోక కింద మెల్లగా తుడిచారు. మూడు వారాల లోపు కూన తనంతట తాను మూత్రం, మలం విసర్జించలేదు. తల్లి నాకితేనే వస్తుంది. తల్లి లేనప్పుడు ఆ పని దూదిది.

దూదిని పారేయకుండా కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశారు. పాలు తాగే కూన మలం పసుపురంగులో కాస్త గట్టిగా ఉండాలి. పసుపే గానీ పల్చగా ఉంటే పాలు కొంచెం ఎక్కువయ్యాయని అర్థం. ఆకుపచ్చకు తిరిగితే మరీ ఎక్కువయ్యాయి, ఆహారం అరిగే వ్యవధి లేకుండా పైత్యరసంతో సహా జారిపోతోంది. బూడిదరంగులో, విరిగిన పాల ముక్కలతో ఉంటే కడుపు చేతులెత్తేసినట్టే. నల్లగా, తారులా జిగటగా ఉంటే లోపల రక్తం పోతోంది. మూత్రం రంగు కూడా చూడాలి. పసికూన మూత్రం దాదాపు నీళ్లలా ఉంటుంది, పసుపు ముదిరిందంటే ఒంట్లో నీరు తగ్గింది. పెద్ద కుక్కలకు మెడ మీది చర్మం లాగి చూసే పద్ధతి కూనల్లో నమ్మదగింది కాదు. చిగుళ్లు తడిగా జారుతున్నాయా, వేలికి అంటుకుంటున్నాయా చూడడం మేలు.

ఆ రోజు దూది మీద పడ్డది పసుపు నీళ్లు. ప్యాకెట్ పాలు ఆపించి, పాలపొడితో కలిపిన పాలలో సగం ఓఆర్ఎస్ నీళ్లు చేర్చి రెండు మూడు విడతలు పట్టమన్నారు. కుదుటపడితే ఒక రోజులో నెమ్మదిగా పూర్తి పాలకు రావాలి. నాలుగు వారాల లోపు కూనకు నీళ్ల విరేచనాలు కొన్ని గంటల్లో తగ్గకపోతే ఇక ఇంట్లో ఏ ప్రయత్నమూ చేయొద్దు, పశువైద్యుడి దగ్గరికి వెళ్లాలి. సెలైన్ పెట్టాలా, ఏ మోతాదులో అన్నది వారు తేల్చాల్సినది.

ఓఆర్ఎస్ అని రాసి ఉన్నదల్లా ఓఆర్ఎస్ కాదు

పిల్లలకు వాడే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా పొడినే చాలామంది పశువైద్యులు కూనలకూ సూచిస్తారు. ప్యాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. చిటికెడు పొడి గ్లాసులో వేసుకోవడం సరికాదు, ఉప్పూ చక్కెరా పాళ్లు తప్పుతాయి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. దుకాణాల్లో అట్టపెట్టెల్లో, సీసాల్లో దొరికిన తియ్యటి పానీయాలు వేరు. వాటిలో చక్కెర ఎక్కువ, విరేచనాలను పెంచుతాయి. వాటి మీద ఓఆర్ఎస్ అన్న పేరు ఉండకూడదని హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వాటి మీద ఆ పేరు వాడకాన్ని నిషేధించింది. పసిపిల్లల కోసం జరిగిన ఆ పోరాటం మేలు కూనలకూ అందుతుంది. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి.

కిలో బరువున్న కూనకు పది పదిహేను నిమిషాలకోసారి ఒక టీస్పూను. గిన్నెలో పోసి వదిలితే ఒక్కసారిగా తాగి కక్కేస్తుంది.

జావ, కోడి, పెరుగు

నాలుగు వారాలు దాటి, పళ్లొచ్చి, నాకడం నేర్చిన కూనకు కడుపు పాడైతే దారి కొంత సులువు. బియ్యాన్ని మామూలుకంటే రెట్టింపు నీళ్లతో, పలుకు అన్నది లేకుండా ఉడికించండి. తోలు, ఎముక, కొవ్వు తీసేసిన కోడిమాంసాన్ని నీళ్లలో విడిగా ఉడికించి మెత్తగా చిదమండి. రెండు వంతుల అన్నానికి ఒక వంతు మాంసం. ఉడికించిన నీళ్లతోనే జావలా జారుగా చేసి, గోరువెచ్చగా, రోజుకు ఐదారు సార్లు రెండేసి చెంచాలు. ఉప్పు, నూనె, పసుపు ఏవీ అక్కర్లేదు. ఉల్లి, వెల్లుల్లి అసలే వద్దు, అవి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. మన వంటింటి కూర పులుసులో అన్నం కలిపి పెట్టకూడదనేది అందుకే. మాంసం తినని ఇళ్లలో ఉడికించిన గుడ్డు పనికొస్తుంది.

పెరుగన్నం మన ఇళ్లలో అన్ని రోగాలకూ మొదటి పథ్యం. తోడుకున్నప్పుడు బ్యాక్టీరియా కొంత లాక్టోజ్ తినేస్తుంది కాబట్టి పాలకంటే పెరుగు నయం. ఆరు వారాల కూనకు పుల్లబడని పెరుగు ఒక చెంచా జావలో కలిపితే చాలాసార్లు పడుతుంది. కానీ పెరుగన్నమే పూర్తి ఆహారంగా రోజుల తరబడి పెడితే పెరిగే ఒంటికి కావాల్సిన ప్రోటీన్ అందదు. కోడి జావ కూడా నాలుగైదు రోజులకు మించకూడదు, అందులో కాల్షియం చాలదు. గ్లూకోజ్ బిస్కెట్లు పాలలో నానబెట్టి పెట్టడం మాత్రం పూర్తిగా మానేయాలి. అది చక్కెర మీద చక్కెర.

పురుగులు, పార్వో

తిండి సరిచేసినా విరేచనాలు ఆగకపోతే కారణం గిన్నెలో లేదు. ఏలికపాముల పిల్లలు తల్లి కడుపులో ఉండగానే కూన ఒంట్లోకి చేరతాయి. కొంకిపురుగులు పాల ద్వారా వస్తాయి. పక్కటెముకలు కనిపిస్తూ పొట్ట మాత్రం డోలులా ఉండడం, వాంతిలో సేమ్యా పోగుల్లాంటివి కదలడం ఏలికపాముల గుర్తులు. కొంకిపురుగులు రక్తం పీలుస్తాయి, చిగుళ్లు తెల్లబోతాయి, మలం నల్లబడుతుంది. రెండు వారాల వయసు నుంచి ఎనిమిది వారాల దాకా రెండు వారాలకోసారి పురుగుల మందు వేయాలన్నది ప్రపంచమంతటా పశువైద్యులు పాటించే పద్ధతి. మోతాదు గ్రాముల లెక్క కాబట్టి తూచి, వైద్యుడు చెప్పినంతే వేయాలి.

పార్వో వైరస్‌ను 1978లో ప్రపంచం మొదటిసారి గుర్తించింది. ముర్రుపాలతో వచ్చిన రక్షణ ఆరు వారాల నుంచి తగ్గుతూ వస్తుంది, టీకా ఇంకా పూర్తికాదు, ఆ సందులో వైరస్ దెబ్బకొడుతుంది. మొదట తిండి మానేస్తుంది, తర్వాత వాంతులు, ఆపైన భరించలేని కంపుతో రక్త విరేచనాలు. ఇది కనిపిస్తే గంటలు లెక్కపెట్టకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. హైదరాబాద్‌లోని రాజేంద్రనగర్‌లో, తిరుపతిలో, గన్నవరంలో ఉన్న పశువైద్య కళాశాలలకు అనుబంధంగా ఆసుపత్రులున్నాయి. ఈ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. చేతికి రాసుకునే శానిటైజర్ దాన్ని చంపలేదు. ఒక వంతు బ్లీచ్‌కు 30 వంతుల నీళ్లు కలిపి గచ్చు కడిగి, పది నిమిషాలు తడిగా ఉంచితే చస్తుంది.

మందుల డబ్బా జోలికి మాత్రం వెళ్లొద్దు. మనం వేసుకునే విరేచనాల మాత్ర లోపెరమైడ్ పేగుల కదలికను బిగదీసి విషాన్ని లోపలే ఉంచేస్తుంది. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ కుక్కలకు ప్రమాదం. కొన్ని షుగర్‌ఫ్రీ సిరప్‌లలో ఉండే జైలిటాల్ కొద్ది మోతాదులోనే ప్రాణం తీస్తుంది. మిగిలిపోయిన మెట్రోనిడజోల్ సిరప్ అందాజుగా పోయడమూ మన దగ్గర అలవాటే. సాధారణ విరేచనాలకు అది అవసరం లేదనీ, పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను తుడిచిపెడుతుందనీ ఇప్పుడు పశువైద్యులు చెబుతున్నారు.

కూనను ముట్టుకున్నాక పిల్లల చేతులు సబ్బుతో కడిగించకుండా వదలొద్దు. ఏలికపాముల గుడ్లు మనుషులకూ చేరతాయి. తల్లి ఎవరో తెలియని కూన పంటి గాటు పడినా, పుండు మీద నాకినా పావుగంట సబ్బునీళ్లతో కడిగి, రేబిస్ టీకాకు ఆసుపత్రికి వెళ్లాలి. నెలన్నర కూనే కదా అని ఊరుకోవడానికి లేదు, కూనలకూ రేబిస్ వస్తుంది.

మలం గట్టిపడ్డాక మరో రెండు రోజులు జావే నడిపించి, తర్వాత రోజుకు పావు వంతు చొప్పున మామూలు తిండి కలుపుతూ నాలుగో రోజుకు పూర్తిగా మార్చాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, అక్కడి నుంచి మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా. విరేచనాలు అవుతుండగా టీకా వేయించకూడదు. తేదీ వారం జరిగినా పర్వాలేదు, పూర్తిగా కోలుకుని బరువు పెరగడం మొదలయ్యాకే తీసుకెళ్లండి. ఆ పదహారు వారాలూ వీధి మట్టిలో, పార్కుల్లో దింపకుండా ఎత్తుకునే తిప్పండి.